రెండు నాయక్‌లు

లాల్‌బజార్‌లో మా ఆఫీసు కింద
యూనిఫాంలు కుట్టే దుకాణం.
జబ్బ మీద గీతలు అతికే మిషను చప్పుడు
పొద్దున్నుంచీ నా మెట్లెక్కి వస్తూనే ఉంటుంది.
అది వినపడని మనిషి
నా ముందు కూర్చున్నాడు.

నాయక్ బానోతు లచ్చిరాం నాయక్.
మొదటి నాయక్ సైన్యం ఇచ్చింది, ఆఖరిది తండా.
ఒకే మాట రెండుసార్లు పడిందనుకుని
ఎవరో గుమాస్తా ఎర్ర సిరాతో ఒకటి కొట్టేశాడు.
ఏది కొట్టేశాడో తేలడానికే
పదకొండు నెలలు.

'ఎడమ దిక్కుకొచ్చి చెప్పు మేడం,
కుడి చెవు ఉట్టిదే' అంటుంది సక్రీ.
అతని మొదటి వకీలు ఆవిడే.
నేను రెండోదాన్ని.

పదిహేడేళ్లు ఫిరంగి పక్కన.
దేవ్‌లాలిలో, మహాజన్ ఇసుకలో,
ఇప్పటికీ పేరు చెప్పడానికి ఇష్టపడని
ఒక మంచు కొండ మీద.
చెవుల్లో దూది పెట్టుకునేవాళ్లట,
దూది అయిపోతే బనీను గుడ్డ.
'గుండు ఎటు పోయి పడ్డదో మాకు చూపియ్యరు.
చప్పుడు మాత్రం మాకే.'

మెడికల్ బోర్డు కాగితం చాలా మర్యాదగా మాట్లాడుతుంది.
వినికిడి లోపం పందొమ్మిది శాతం.
సర్వీసు వల్ల వచ్చినది కాదు,
సర్వీసు వల్ల పెరిగినదీ కాదు.
ఇరవై ఉంటే పింఛను.
ఆ ఒక్క శాతం అతనికి ఎక్కడ వినపడిందో
రెండేళ్లుగా వెతుకుతున్నాను.
కుక్కర్ మూడో విజిలా?
మనవరాలు 'తాతా' అన్నదాంట్లో
రెండో అక్షరమా?

అతను భర్తీ అయింది ఇక్కడే, గోల్కొండలో.
రిక్రూటుగా మొదటి ఆదివారం
బాలాహిస్సార్ ఎక్కాడు.
కింద దర్వాజా దగ్గర జతగాడు చప్పట్లు కొడితే
చెవి పక్కనే కొట్టినట్టు వినపడ్డాయట.
చెప్తూ చేతులు కలిపి చూపించాడు,
మెల్లగా, చప్పుడు కాకుండా.

ఆ చప్పట్లను ఎగ్జిబిట్‌గా మార్కు చేయించలేను.
చేయించగలిగితే ఇంకేమీ అక్కర్లేదు.

కాబట్టి కాగితాల్లోకే దిగాను.
సమాచార హక్కు దరఖాస్తులు మూడు.
'రికార్డు లభ్యం కాలేదు' అని రెండు జవాబులు.
మూడోదానికి ఒక జిరాక్సు,
వానకు నానిన గోడలా నల్లగా.
భర్తీ రోజు డాక్టరు నింపిన ఫారం.
బరువు యాభై మూడు. ఛాతీ ఇంత. పళ్లు ఇన్ని.
చెవులు, రెండూ:
నార్మల్.

ఆ మాట రాసిన చెయ్యి ఇప్పుడుందో లేదో.
వెనక ఇంకా వరస ఉందని,
భోజనం వేళ మించుతోందని
గబగబా గీకి ఉంటాడు.
ఆ గబగబా మీదే నా వాదన అంతా.
మంచి చెవులు తీసుకున్నారు,
ఇవి తిరిగిచ్చారు.
మధ్యలో ఏం జరిగిందో చెప్పాల్సింది
అతను కాదు, మీరు.

బెంచి ఈ ఊరికి వచ్చేదే ఎప్పుడో.
వచ్చినా మా నంబరు కంటే ముందు సాయంత్రం వస్తుంది.
ఆరు వాయిదాలకూ ఇస్త్రీ చొక్కాతో
తిరుమలగిరి చౌరస్తాలో బస్సు దిగాడు.
మెడల్స్ జేబులో ఉండేవి,
పెట్టుకోవచ్చా అని ప్రతిసారీ నన్ను అడగడానికి.

ఏడోసారి తీర్పు చదివారు.
దరఖాస్తు అనుమతించడమైనది.
అతను సావధాన్‌లో నిలబడే ఉన్నాడు,
పెదాలు చూస్తూ.
'మళ్ల ఎప్పుడు రమ్మంటున్నరు?' అన్నాడు,
హాలు అదిరేంత గట్టిగా.
ఎవరూ నవ్వలేదు.
సక్రీ అతని ఎడమ చెవి దగ్గరికి వంగి
లంబాడీలో ఏదో చెప్పింది. నాకర్థం కాలేదు.
ఎవరూ 'విశ్రామ్' అనకుండానే
అతను కూర్చున్నాడు.

ప్రభుత్వం పైకోర్టుకు పోవచ్చు.
ఆ సంగతి ఇంకా చెప్పలేదు.
సంతకానికి వచ్చినప్పుడు చెప్పాలి,
ఎడమ పక్కన నిలబడి.

రాత్రి అన్నం వడ్డిస్తుంటే
మా అమ్మాయి ముద్ద ఆపి అడిగింది:
'ఎందుకమ్మా అట్లా అరుస్తవ్?
నేను ఇక్కడే ఉన్న కదా.'